చిన్న కారు లాగడం లేదా? ఉన్న ఇంజన్ నుంచి పూర్తి శక్తి రాబట్టే పద్ధతి

ఆల్టో, క్విడ్, ఈయాన్ వంటి చిన్న పెట్రోలు కార్లు ఉన్నవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఒకటి ఉంది. నలుగురు ఎక్కి ఏసీ వేస్తే బండి లాగడం లేదు, పికప్ పెరగాలంటే ఏం చేయించాలి? ఇంటిల్లిపాదీ మేడారం బయలుదేరినప్పుడో, నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కుతున్నప్పుడో ఈ ప్రశ్న మరీ గట్టిగా వినిపిస్తుంది. కొన్నేళ్లు నడిచిన బండిలో చాలావరకు జరిగేది ఏమిటంటే, కంపెనీ ఇచ్చిన శక్తే చక్రాల దాకా పూర్తిగా చేరదు. ముందు దాన్ని తిరిగి రాబట్టుకోవాలి. ఆ పని చేయకుండా ఇంజన్‌లో మార్పులు చేయించడమంటే డబ్బు పారబోసుకోవడమే.

ఒక్క లెక్క మాత్రం మొదటే చూడండి, ఎందుకంటే దీనికి పైసా ఖర్చు లేదు. 796 సీసీ ఆల్టో 800 ఇంజన్ 6000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర సుమారు 48 పీఎస్ (హార్స్‌పవర్ వంటి కొలత) శక్తిని, 3500 ఆర్‌పీఎమ్ దగ్గర 69 న్యూటన్ మీటర్ల టార్క్‌ను (తిప్పే బలాన్ని) ఇస్తుంది. మైలేజీ కోసమని టాప్ గేరులో 2000 ఆర్‌పీఎమ్ దగ్గర యాక్సిలరేటర్‌ను అడుగుదాకా తొక్కితే, అక్కడ 60 న్యూటన్ మీటర్లు వస్తున్నాయనుకున్నా, ఇంజన్ చేతిలో ఉన్నది 17 పీఎస్ మాత్రమే. అదే గేరు తగ్గించి 3500కు తీసుకువెళితే 34 పీఎస్ దాటుతుంది. ఘాట్ రోడ్డు మీద బండి ఏడుస్తున్నదంటే మొదటి అనుమానం ఇంజన్ మీద కాదు, గేరు మీద పెట్టుకోవాలి. చిన్న ఇంజన్‌ను అప్పుడప్పుడు 4000 పైన తిప్పితే పాడవుతుందన్న భయం అక్కరలేదు. తక్కువ ఆర్‌పీఎమ్‌లో పూర్తిగా తొక్కి, నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండడం వల్ల వచ్చే టకటక శబ్దం) వస్తున్నా అలాగే లాగించడమే దానికి ఎక్కువ హాని.

కావలసినవి

టైరు గాలి కొలిచే గేజ్, జాకీతో పాటు జాకీ స్టాండ్లు, చక్రాలకు అడ్డం పెట్టే రాళ్లు లేదా చెక్కలు, మీ బండికి సరిపోయే ప్లగ్గు పాన, సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజ్, థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలిని వదిలే భాగం) క్లీనర్ స్ప్రే, తెల్లటి నూలు గుడ్డ, ఇంజన్ కంప్యూటర్‌లోని అంకెలను బ్లూటూత్‌తో ఫోనులో చూపే చిన్న ఓబీడీ స్కానర్, ఒక నోటుపుస్తకం. బండితో వచ్చిన ఓనర్స్ మాన్యువల్ తప్పనిసరిగా దగ్గర ఉండాలి. అది పోయి ఉంటే చాలా కంపెనీల వెబ్‌సైట్లలో దొరుకుతుంది. కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) పరీక్ష, టప్పెట్ సెట్టింగ్ (వాల్వుల గ్యాప్ సరిచేయడం) వంటివి మెకానిక్ దగ్గర చేయించుకోవచ్చు, వాటి కోసం పరికరాలు కొనవద్దు.

1. ముందు ఇప్పుడున్న పికప్‌ను కొలవండి

ఇది చేయకుండా మొదలుపెట్టిన వాళ్లందరికీ సర్వీసింగ్ అయిన మరునాడు బండి బాగా లాగుతున్నట్లే అనిపిస్తుంది. డబ్బు పెట్టాక మనసు అలాగే చెబుతుంది. కాబట్టి గడియారాన్నే నమ్మాలి.

రద్దీ లేని, చదునైన, సూటిగా ఉన్న రోడ్డు ఎంచుకోండి. తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డులో ఖాళీగా ఉండే భాగం సరిపోతుంది. ఊళ్ల మధ్య, కూడళ్ల దగ్గర, వడ్లు ఆరబోసిన రోడ్ల మీద ఈ పని చేయకండి. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, ఏసీ ఆపి, మూడో గేరులో 40 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా తొక్కి 80కి చేరడానికి ఎన్ని సెకండ్లు పడుతుందో చూడండి. పక్క సీట్లో కూర్చున్నవారు స్పీడోమీటర్‌ను ఫోనులో వీడియో తీస్తే, తరువాత ఆ వీడియో చూసి సెకండ్లు లెక్కపెట్టుకోవచ్చు. నడిపేవారు ఫోను ముట్టుకోకూడదు. కంటికి కనపడని వాలు, గాలి లెక్కను తప్పిస్తాయి గనుక, వెళ్లేటప్పుడు రెండు మూడుసార్లు, వచ్చేటప్పుడు రెండు మూడుసార్లు కొలిచి సగటు తీయండి. ట్యాంకులో పెట్రోలు ఎంత ఉంది, బండిలో ఎంతమంది ఉన్నారు, ఆ పూట ఎండ ఎంత అనేవి కూడా రాసి పెట్టుకోండి.

ఎండ సంగతి చిన్న విషయం కాదు. 25 డిగ్రీల గాలి కంటే 45 డిగ్రీల గాలి సుమారు 6 శాతం పలచన, అంటే శక్తి కూడా దాదాపు అంతే తగ్గుతుంది. జనవరిలో కొలిచి, రామగుండం ఎండల్లో మేలో మళ్లీ కొలిస్తే, లేని జబ్బు కనిపిస్తుంది.

ఇకపై ఒక పని చేసిన తరువాతే మరొకటి చేయండి. అన్నీ ఒకే రోజు చేస్తే దేనివల్ల లాభం వచ్చిందో తెలియదు.

2. బరువు, టైర్లు, బ్రేకులు

డిక్కీలో నెలల తరబడి తిరుగుతున్న సామాను దించేయండి. మనుషులతో కలిపి 850 కిలోలున్న బండిలో 60 కిలోలు తగ్గితే పికప్ దాదాపు 7 శాతం మెరుగుపడుతుంది. ఇంజన్‌కు అంత శక్తి కలపాలంటే చాలా ఖర్చవుతుంది. టైర్ల గాలిని బండి చల్లగా ఉన్నప్పుడు, డ్రైవర్ తలుపు దగ్గర అతికించిన స్టిక్కర్ మీద ఉన్నంత పెట్టించండి.

అందం కోసం పెద్ద అల్లాయ్‌లు, పెద్ద టైర్లు వేయించి ఉంటే పికప్ అక్కడే పోతున్నదని గుర్తించండి. టైరు వ్యాసం 5 శాతం పెరిగితే ప్రతి గేరులోనూ చక్రం దగ్గర లాగే బలం సుమారు 5 శాతం తగ్గుతుంది. పాత సైజుకు మారడం కంటే దీనికి వేరే మందు లేదు.

బ్రేకు పట్టి ఉందేమో చూడడం చాలామంది మరచిపోయే పని. పది కిలోమీటర్లు నెమ్మదిగా, బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి ఆపండి. ప్రతి చక్రం దగ్గరా చేయి దగ్గరగా పెట్టి వేడి చూడండి, లోహాన్ని నేరుగా ముట్టుకోవద్దు. ముందు చక్రాలు రెండూ ఒకేలా వెచ్చగా ఉండడం సహజం. ఒకటి మాత్రమే కాగుతుంటే ఆ వైపు కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) పట్టేసినట్లే. వెనక చక్రాలను జాకీ మీద లేపి, హ్యాండ్ బ్రేకు దించి, చేత్తో తిప్పి చూడండి. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టకుండా, స్టాండు వేయకుండా ఈ పని చేయరాదు.

3. క్లచ్చు జారుతున్నదా

ఫ్లై ఓవర్ ఎక్కేటప్పుడు నాలుగో గేరులో గట్టిగా తొక్కితే ఇంజన్ శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్చు జారుతున్నది. నిలబడి చూడాలంటే, ముందు ఖాళీ స్థలం ఉన్నచోట హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, కాలి బ్రేకు కూడా నొక్కి, మూడో గేరు వేసి క్లచ్చు మెల్లగా వదలండి. ఇంజన్ వెంటనే ఆగిపోతే క్లచ్చు బాగున్నట్లు. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు అరిగింది. ఒక్కసారి చూస్తే చాలు, మళ్లీ మళ్లీ చేస్తే బాగున్న ప్లేటు కూడా కాలుతుంది.

4. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటున్నదా

కేబుల్ ఉన్న పాత బళ్లలో ఇది అతి చవకైన మరమ్మతు. ఇంజన్ ఆపి, ఎయిర్ పైపు విప్పి, లోపల గాలి దారిని తెరిచి మూసే థ్రాటిల్ రేకు కనపడేలా పెట్టుకోండి. మరొకరిని సీట్లో కూర్చుని మామూలుగా తొక్కినట్లే పూర్తిగా తొక్కమనండి. లోపలి రేకు గాలి దారికి సమాంతరంగా, అంచు మాత్రమే కనపడేలా నిలవాలి. ఏటవాలుగా ఆగిపోతే కేబుల్ సాగింది, లేదా పెడల్ కింద మందపాటి మ్యాట్ అడ్డం వస్తున్నది. కేబుల్ చివర ఉన్న నట్టుతో సరిచేసి, పెడల్ వదిలినప్పుడు రేకు పూర్తిగా మూసుకుంటున్నదో లేదో తప్పక చూడండి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ ఉన్న బళ్లలో ఆ రేకును వేలితో నెట్టకూడదు, లోపలి గేర్లు దెబ్బతింటాయి. అక్కడ మ్యాట్ ఒక్కటే చూసుకోండి.

5. ఎయిర్ ఫిల్టర్

మాన్యువల్‌లో ఇచ్చిన కిలోమీటర్లు మామూలు రోడ్లకు చెప్పినవి. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల పత్తి నూగు, కరీంనగర్ వైపు గ్రానైట్ క్వారీ దారుల పొడి, భూపాలపల్లి, గోదావరిఖనిలో బొగ్గు లారీల వెనుక లేచే ధూళి మధ్య తిరిగే బండికి ఆ లెక్క పనికిరాదు. అందులో సగం దూరానికే విప్పి చూడాలి. పత్తి నూగు పట్టిన ఫిల్టర్ విచిత్రంగా ఉంటుంది. పైన కంబళి పరిచినట్లు బూడిదరంగు పొర కడుతుంది, దాన్ని చేత్తో ఊడదీస్తే కింద కాగితం దాదాపు శుభ్రంగానే కనపడుతుంది. దుమ్ము పట్టినది అలా కాదు, మడతల లోతుల్లోకి దిగుతుంది. దాన్ని మార్చడమే మేలు.

కాగితపు ఫిల్టర్‌ను నీళ్లతో కడగకండి. గాలి కొట్టించాలనుకుంటే శుభ్రంగా ఉన్న లోపలి వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో, దూరం నుంచి కొట్టాలి. పంక్చర్ షాపులో బయటి వైపు నుంచి గట్టిగా కొట్టిస్తే దుమ్ము కాగితంలోకి ఇంకా దిగుతుంది, చిరుగులు కూడా పడవచ్చు. కొత్తది వేశాక, ఫిల్టర్ తరువాత ఉన్న పైపు లోపల తెల్ల గుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు పొడి అంటితే ఫిల్టర్ అంచు సరిగా కూర్చోవడం లేదు, దుమ్ము నేరుగా సిలిండర్లలోకి పోతున్నది. పిస్టన్ రింగులు త్వరగా అరగడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

నూనె పూసిన ‘స్పోర్ట్స్’ ఫిల్టర్లు ఈ ప్రాంతానికి నేను సిఫారసు చేయను. 800 సీసీ ఇంజన్ పీల్చే గాలికి శుభ్రమైన కాగితపు ఫిల్టర్ అడ్డమే కాదు. ఫిల్టర్ డబ్బా తీసేసి బానెట్ కింద తెరిచి పెట్టే రకమైతే రేడియేటర్ వేడి గాలినే పీల్చి ఉన్న శక్తినీ తగ్గిస్తుంది. శబ్దం పెరగడం వల్ల బండి లాగుతున్నట్లు అనిపిస్తుంది, అంతే.

6. స్పార్క్ ప్లగ్గులు

ఇంజన్ పూర్తిగా చల్లారాకే విప్పాలి. వేడి మీద విప్పితే ఇంజన్ పైభాగమైన అల్యూమినియం హెడ్డు మరలు చెడిపోతాయి. ప్లగ్గు చుట్టూ ఉన్న దుమ్ము ముందుగా ఊదేసి, ఒక్కొక్కటి తీసి, ఏది ఏ సిలిండర్‌దో వరుసగా పెట్టండి.

ప్లగ్గు కొనమీది పింగాణీ లేత గోధుమ లేదా బూడిద రంగులో ఉంటే ఇంజన్ బాగా మండుతున్నట్లు. పొడిగా, నల్లటి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతున్నది లేదా గాలి తక్కువ అందుతున్నది. తడిగా, జిడ్డుగా నల్లబడితే ఇంజన్ ఆయిల్ లోపలికి వస్తున్నది. తెల్లగా మారి బొబ్బలు లేచినట్లుంటే అతిగా వేడెక్కుతున్నది, లేదా తప్పు నంబరు ప్లగ్గు వేశారు. మూడు సిలిండర్ల ప్లగ్గుల్లో ఒకటే తేడాగా ఉంటే జబ్బు ఆ సిలిండర్‌దే. అది రాసి పెట్టుకోండి, చివరి మెట్టులో పనికొస్తుంది.

కొత్త ప్లగ్గుల గ్యాప్‌ను ఫీలర్ గేజ్‌తో కొలిచి మాన్యువల్‌లో ఇచ్చిన అంకెతో సరిచూడండి. బిగించేటప్పుడు ముందు పాన లేకుండా వేళ్లతోనే చివరిదాకా తిప్పాలి. తరువాత, వాషర్ ఉన్న కొత్త ప్లగ్గయితే పానతో సగం చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు వరకు చాలు. పాతదే మళ్లీ వేస్తుంటే పన్నెండో వంతు చుట్టు సరిపోతుంది. ఇరిడియం ప్లగ్గులు ఎక్కువ కాలం మన్నుతాయి, కాని కొత్త మామూలు ప్లగ్గు కంటే ఎక్కువ పికప్ ఇస్తాయని ఆశించవద్దు.

7. థ్రాటిల్ బాడీ శుభ్రం చేయడం

రేకు అంచుల్లో పేరుకున్న నల్లటి జిగురు వల్ల చెడేది ముఖ్యంగా ఐడిలింగ్, ఆగి బయలుదేరేటప్పటి ఊపు. పూర్తి పవర్ మీద దాని ప్రభావం తక్కువ. స్ప్రేను నేరుగా లోపలికి కొట్టకుండా గుడ్డ మీద కొట్టి తుడవండి. పూర్తయ్యాక ఐడిలింగ్ ఎక్కువగా ఉంటే కొన్ని బళ్లకు స్కానర్‌తో రీసెట్ చేయించాల్సి వస్తుంది.

8. పెట్రోలు

ఎక్కువ ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణం) ఉన్న ఖరీదైన పెట్రోలు పోస్తే శక్తి పెరుగుతుందనేది బాగా పాతుకుపోయిన నమ్మకం. నాకింగ్ రాని ఇంజన్‌కు దానివల్ల ఒరిగేది ఏమీ లేదు. నాకింగ్ వస్తుంటే ఒక ట్యాంకు పోసి చూడవచ్చు, తగ్గితే అసలు కారణం వెతకాలి. కల్తీ అనుమానం ఉంటే బంకులోనే ఫిల్టర్ పేపర్ పరీక్ష అడగండి, అది వినియోగదారు హక్కు. చుక్క ఆరాక కాగితం మీద మరక మిగలకూడదు.

9. స్కానర్‌లో చూడవలసినవి

తప్పుల కోడ్లు ఉంటే ముందు వాటిని రాసుకోండి, చెరిపేయకండి. తరువాత మూడు అంకెలు చాలు.

కూలెంట్ వేడి: పావుగంట నడిపాక 80 డిగ్రీలు దాటాలి. 60, 70 దగ్గరే ఊగుతుంటే థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వు) తెరుచుకునే ఉండిపోయింది, లేదా ‘వేడెక్కుతున్నది’ అని ఎవరో తీసి పారేశారు. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది.

ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచుతున్నదో, తగ్గిస్తున్నదో చెప్పే అంకె): షార్ట్, లాంగ్ రెండూ కలిపి చూస్తే 10 శాతానికి అటూ ఇటూ లోపల ఉండాలి. ఐడిలింగ్‌లో బాగా ప్లస్ ఉండి, 2500 ఆర్‌పీఎమ్‌లో తగ్గితే ఎక్కడో వ్యాక్యూమ్ పైపు పగిలి గాలి దొంగతనంగా పోతున్నది. దీనికి విరుద్ధంగా, లోడ్ పెరిగేకొద్దీ ప్లస్ పెరిగితే పెట్రోలు సరిగా అందడం లేదు. పంపు, ఫిల్టర్ చూపించండి.

మ్యాప్ రీడింగ్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే పైపులోని ఒత్తిడి): నాకు అన్నిటికంటే నచ్చిన పరీక్ష ఇది. అన్ని బళ్లలో ఇది కనపడదు గాని, కనపడితే వదలకండి. కీ తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా చూస్తే బయటి గాలి ఒత్తిడి కనిపిస్తుంది. వరంగల్ ఎత్తులో అది 97 కిలోపాస్కల్స్ దరిదాపుల్లో ఉంటుంది. ఇప్పుడు రోడ్డు మీద మూడో గేరులో పూర్తిగా తొక్కినప్పుడు 3000 ఆర్‌పీఎమ్ దగ్గర ఆ అంకె ఎంతో పక్కనున్నవారిని చూడమనండి. మొదటి అంకె కంటే నాలుగైదు తక్కువలోపు ఉంటే ఇంజన్‌కు గాలి పూర్తిగా అందుతున్నది, ఫిల్టర్ మీద ఇక ఖర్చు వృథా. 10 కంటే ఎక్కువ తగ్గితే అడ్డం ఫిల్టర్‌లోనో, నలిగిన పైపులోనో, పూర్తిగా తెరుచుకోని థ్రాటిల్‌లోనో ఉంది.

10. సైలెన్సర్ వైపు అడ్డు

గాలి బాగా అందుతున్నా, స్టార్టింగ్ బాగున్నా, కొంత వేగం దాటాక బండి గొంతు పట్టుకున్నట్లు ఆగిపోతుంటే పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయిందని అనుమానించాలి. కింద చేత్తో తడితే లోపల గలగలమంటే అది పగిలింది. మెకానిక్ ముందరి ఆక్సిజన్ సెన్సర్ తీసి, ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ పెట్టి, 2500 ఆర్‌పీఎమ్ దగ్గర కొలిస్తే 3 పీఎస్ఐ కంటే తక్కువ ఉండాలి. అంతకు మించితే మార్చాలి. ఖరీదైనదే. అందుకే ‘లోపల జల్లెడ కొట్టేసి ఖాళీ చేస్తాం’ అనేవాళ్లు దొరుకుతారు. ఒప్పుకోకండి. ఇంజన్ లైటు వెలుగుతుంది, పొల్యూషన్ పరీక్ష దగ్గర చిక్కు వస్తుంది, పైగా అది చట్టవిరుద్ధం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 182ఏ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, 6 నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు.

కొనకూడనివి

పెట్రోలు పైపుకు కట్టే అయస్కాంతాలు, ఎయిర్ పైపులో పెట్టే ఫ్యాన్లు, సిగరెట్ లైటర్‌లో గుచ్చే ‘పవర్ చిప్పులు’ దేనికీ పనికిరావు. టర్బో లేని చిన్న ఇంజన్‌కు రీమ్యాప్ చేయించి (కంప్యూటర్ ప్రోగ్రాం మార్పించి) 5 శాతం సాధించినా, 48 పీఎస్‌కు వచ్చేది రెండున్నర పీఎస్ లోపే. హెడ్డు ఫేసింగ్‌తో (హెడ్డు అడుగును చెక్కించి) కంప్రెషన్ పెంచితే మన ఎండల్లో నాకింగ్ తప్పదు. నిజంగానే ఎక్కువ శక్తి అవసరమైన కుటుంబం 800 సీసీ బండి అమ్మి 67 పీఎస్ ఇచ్చే 1000 సీసీ ఆల్టో కే10 వంటిది సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవడమే లెక్కకు నిలిచే పని.

11. అన్నీ చేసినా లాగకపోతే

మొదటి మెట్టులో కొలిచిన రోడ్డు మీదే, అదే బరువుతో, దాదాపు అదే ఎండలో మళ్లీ కొలవండి. మీ పాత కొలతల్లో ఒకదానికొకటి ఉన్న తేడా కంటే ఎక్కువ సెకండ్లు తగ్గితేనే మెరుగైనట్లు. తగ్గకపోతే ఇక ఇంజన్ లోపలికి పోవాలి. సీఎన్జీ వాడేవారు మాత్రం ఒక మాట గుర్తుంచుకోండి. ఆల్టో 800 సీఎన్జీ మీద నడిచినప్పుడు కంపెనీ చెప్పిన శక్తే 41 పీఎస్. ఇంజన్ సిలిండర్లలో గాలికి ఉండే చోటును గ్యాసు కొంత ఆక్రమించుకుంటుంది గనుక ఆ తేడా జబ్బు కాదు, అందుకే పోల్చేటప్పుడు పెట్రోలు మీదే కొలవండి. గ్యాసు మీద ఎక్కువ నడిచిన బళ్లలో వాల్వులు సీటులోకి దిగి టప్పెట్ గ్యాప్ తగ్గిపోతుంది కాబట్టి టప్పెట్ సెట్టింగ్ ముందుగా చేయించండి.

తరువాత కంప్రెషన్ పరీక్ష. ఇంజన్ వేడి మీద (చల్లారాకే విప్పాలన్నది ఇంట్లో చేసేవారికి, ఇది మెకానిక్ పని), అన్ని ప్లగ్గులూ తీసి, పెట్రోలు, కరెంటు అందకుండా చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టాలి. యాక్సిలరేటర్ తొక్కకుండా కొలిచి ‘ఇంజన్ పోయింది’ అని తేల్చడం తరచుగా జరిగే తప్పు, కాబట్టి మీరు పక్కనే ఉండండి. మాన్యువల్ అంకె కంటే కూడా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. 15 పీఎస్ఐ లోపు తేడా ఉంటే ఫరవాలేదు. ఒకటి బాగా తక్కువ ఉంటే ఆ సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిపించండి. అంకె పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే లోపం వాల్వుల్లో ఉంది, పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువైతే హెడ్ గాస్కెట్ (హెడ్డు కింద పెట్టే ప్యాకింగ్) పోయిందని అనుమానించాలి. వాల్వుల పని అయితే హెడ్డు ఒక్కటి విప్పితే సరిపోతుంది. రింగులంటే ఇంజన్ మొత్తం దించాలి. ఆ మాట చెప్పినప్పుడు సిలిండర్లకు బోరు కొట్టించాలా (లోపల చెక్కించి సరిచేయాలా), రింగులతో సరిపోతుందా అనేది విప్పి మైక్రోమీటర్‌తో కొలిచి, ఆ కొలతలు కాగితం మీద రాసిచ్చాకే డబ్బు సంగతి మాట్లాడండి.